పుస్తకాల స్కానర్‌లో గాజు ఎత్తడానికి: ఎదురు బరువా, స్ప్రింగా, హైడ్రాలిక్కా?

పాతపుస్తకం (తెనాలి)

అందరికీ నమస్కారం. మా గ్రంథాలయంలో పాత పత్రికల బైండులు చాలా ఉన్నాయి. కాగితం పెళుసుబారింది. మామూలు స్కానర్ మీద బోర్లా వేసి నొక్కితే బైండింగు విరిగిపోతుంది. అందుకని వీ ఆకారంలో చెక్క పీట చేయించాం. పుస్తకం అందులో సగమే తెరుచుకుని ఉంటుంది. పైనుంచి అదే ఆకారంలో గాజు దిగి పేజీల్ని చదును చేస్తుంది. రెండు వైపులా కెమెరాలు. గాజు ఎత్తాలి, పేజీ తిప్పాలి, దించాలి, ఫొటో తియ్యాలి. ఇదీ పని.

ఇబ్బంది ఆ గాజుతోనే. 4 ఎం.ఎం. గాజు పలకలు రెండు, అల్యూమినియం ఫ్రేము, అన్నీ కలిపి 4.6 కిలోలు. 30 సెంటీమీటర్లు పైకి లేవాలి. ఒక గంట చేసేసరికి భుజం పట్టేస్తోంది. చేసేది డిగ్రీ పిల్లలు, ఇద్దరు రిటైరైన మాస్టార్లు.

వంటింటి అరలకి వేసే హైడ్రాలిక్ పెట్టమని ఒకరు, కప్పీ వేసి బరువు కట్టమని ఒకరు, ఫ్యాక్టరీల్లో వాడే స్ప్రింగ్ బ్యాలెన్సర్ కొనమని ఒకరు చెప్పారు. ఈ ఒక్క భాగానికి 2000 రూపాయలకి మించి పెట్టలేం. ఏది మన్నుతుంది? కెమెరా ఎత్తు కూడా పుస్తకం సైజుని బట్టి మారుస్తుంటాం. దానికీ ఇలాంటిదే కావాలా?

నట్టుబోల్టు (గుంటూరు)

మాస్టారూ, నేను మాడ్యులర్ కిచెన్ల పని చేస్తాను. మీరు అడిగిన హైడ్రాలిక్ రోజూ బిగిస్తుంటాను. అసలు పేరు గ్యాస్ స్ప్రింగ్. అందులో నైట్రోజన్ గట్టిగా నింపి ఉంటుంది. 60, 80, 100, 120 న్యూటన్లని స్టిక్కర్ మీదే రాసి ఉంటుంది. 10 న్యూటన్లంటే దాదాపు కిలో అనుకోండి. మీ గాజు 45 న్యూటన్లు. 60 న్యూటన్లది ఒకటి చాలు. జత కొన్నా వందల్లోనే అయిపోతుంది. ఇంత చిన్న పనికి కప్పీలు, తాళ్లు ఎందుకు?

లోకోషెడ్ (కాజీపేట)

ఏది పెట్టాలో చెప్పే ముందు రెండు సంగతులు తేలాలి. ఎత్తాల్సిన బరువు మారుతుందా? రోజుకి ఎన్నిసార్లు లేస్తుంది?

మీ గాజు బరువు ఎప్పుడూ ఒకటే. ఇది అదృష్టం. ఇక లెక్క: ఒకసారి ఎత్తితే రెండు పేజీలు వస్తాయి. 300 పేజీల పుస్తకానికి 150 సార్లు. వంద పుస్తకాలకి 15,000 సార్లు. వంటింటి అర తలుపు రోజుకి పదిసార్లు తెరిస్తే ఇన్నిసార్లు కావడానికి నాలుగేళ్లు పడుతుంది. మీకు కొన్ని నెలలు చాలు.

బరువు మారదు, కదలికలు ఎక్కువ. ఇలాంటి చోట ఎదురు బరువుని మించింది లేదు. నేను రైల్వేలో కరెంటు తీగల పనిలో ఉండేవాణ్ణి. పట్టాల పైన తీగలు ఎండకి సాగుతాయి, చలికి బిగుస్తాయి. బిగువు మారకుండా కొన్ని స్తంభాల దగ్గర ఇనప బిళ్లలు దొంతరగా వేలాడుతుంటాయి, రైల్లోంచి చూసే ఉంటారు. కప్పీల మీదుగా వాటి బరువుకి మూడింతలు తీగని లాగుతుంటాయి. కరెంటు అక్కర్లేదు, గ్యాస్ అక్కర్లేదు. మన ఏతాం కూడా అంతే కదా, కొయ్యకి ఒక కొసన బొక్కెన, రెండో కొసన రాయి.

నట్టుబోల్టు

అన్నా, మీరు రైలుకి కట్టేది తీసుకొచ్చి పుస్తకానికి కడుతున్నారు :) పీట పక్కన ఇనప దిమ్మ వేలాడుతుంటే చూడ్డానికి బాగుంటుందా? మంచి గ్యాస్ స్ప్రింగ్ ఏళ్ల తరబడి పనిచేస్తుంది. కారు డిక్కీకి ఉన్నది అదేగా.

బేరింగ్‌బాబు (విశాఖపట్నం)

నట్టుబోల్టు గారూ, గ్యాస్ స్ప్రింగ్ మంచిదే. ఈ పనికి మాత్రం మూడు చోట్ల తేడా కొడుతుంది.

ముందు పొడవు. అరలకి వేసేవాటి కడ్డీ 8, 9 సెంటీమీటర్లే కదులుతుంది. వీరికి 30 కావాలి. మధ్యలో లివర్ (మీట) పెట్టి ఆ కదలికని మూడింతలు చేస్తే తోపు కూడా మూడింతలు ఉండాలి. అంటే 60 కాదు, 150 న్యూటన్లది కావాలి. కీళ్లన్నీ ఆ బలానికి తట్టుకోవాలి.

రెండోది, దాని తోపు ఒకేలా ఉండదు. కడ్డీ లోపలికి పోయేకొద్దీ గ్యాస్ ఇంకా నొక్కుకుంటుంది, తోపు పెరుగుతుంది. మొదటికీ చివరికీ మూడో వంతు దాకా తేడా రావచ్చు. అర తలుపు కీలు మీద తిరుగుతుంది, తెరుచుకునేకొద్దీ దాని బరువు ప్రభావమూ మారుతుంది కాబట్టి అక్కడ సర్దుకుపోతుంది. ఇక్కడ గాజు నిటారుగా లేస్తుంది, దాని బరువు ఎక్కడైనా ఒకటే.

మూడోది ఎండ. గ్యాస్ వేడెక్కితే ఒత్తిడి పెరుగుతుంది. జనవరి పొద్దున 15 డిగ్రీలు, మేలో 45 డిగ్రీలు అనుకుంటే తోపులో 10 శాతం తేడా. 150 న్యూటన్లలో 15. లివర్ దాటి గాజు దగ్గరికి వచ్చేసరికి అర కిలో. పెళుసు కాగితం మీద అర కిలో తక్కువేం కాదు. చలికాలంలో సరిచేసుకున్నది ఎండాకాలంలో దానంతటదే పైకి లేచి కూర్చుంటుంది.

పెట్టి తీరాలనుకుంటే కడ్డీ కిందికి ఉండేలా పెట్టండి, లోపలి నూనె సీలుని తడుపుతూ ఉంటుంది. పాడైతే కోసి చూడాలని మాత్రం అనుకోకండి. లోపలి ఒత్తిడికి ముక్కలు బుల్లెట్‌లా వస్తాయి.

నట్టుబోల్టు

లివర్ సంగతి ఒప్పుకుంటున్నా. 30 సెంటీమీటర్లు సూటిగా లేవాలని సరిగ్గా చూడలేదు.

సెకండియర్‌మెక్ (వరంగల్)

అందరూ గ్యాసూ బరువూ అంటున్నారు, కాన్‌స్టంట్ ఫోర్స్ స్ప్రింగ్ ఎవరూ అనలేదేంటి? టేపులో ఉండే చుట్ట లాంటి స్టీలు పట్టీ. ఎంత లాగినా ఒకే బలం. దిమ్మ ఉండదు, చోటూ పట్టదు. లేదంటే పొడుగాటి మామూలు స్ప్రింగ్ ఒకటి పెట్టినా చాలు కదా?

బేరింగ్‌బాబు

తమ్ముడూ, మామూలు స్ప్రింగ్‌తో లెక్క వేసి చూడు. 40 న్యూటన్లు లాగాలి. 30 సెంటీమీటర్ల కదలికలో తేడా 4 న్యూటన్లకి మించకూడదు. అంటే మిల్లీమీటరుకి 0.013 న్యూటన్ల మెత్తటి స్ప్రింగ్ కావాలి. అది 40 న్యూటన్లు లాగాలంటే ముందే 3 మీటర్లు సాగదీసి పెట్టాలి. గ్రంథాలయం గోడ సరిపోదు.

పట్టీ స్ప్రింగ్ ఆలోచన మంచిదే. తయారీదారుల పట్టికలో బలంతో పాటు ఆయుష్షు కూడా ఉంటుంది, ఎన్నిసార్లు లాగి వదిలితే విరుగుతుందో. కొన్ని రకాలు కొన్ని వేల సార్లకే రాసి ఉంటాయి. లోకోషెడ్ గారు వేసిన 15,000 లెక్క గుర్తుంది కదా. ఎక్కువ ఆయుష్షున్నది కావాలంటే పట్టీ వెడల్పుగా, చుట్ట పెద్దగా ఉండాలి, అప్పుడు ధర పెరుగుతుంది. పైగా విరిగిన రోజు అంచులు కత్తుల్లా ఉంటాయి.

స్ప్రింగ్ బ్యాలెన్సర్ సంగతి వేరు. లోపల స్ప్రింగు, తాడు చుట్టుకునే శంకు ఆకారపు డ్రమ్ము ఉంటాయి. స్ప్రింగ్ బిగిసేకొద్దీ తాడు లావు వైపుకి చేరుతుంది కాబట్టి లాగే బలం దాదాపు ఒకేలా ఉంటుంది. బిగువు కూడా మార్చుకోవచ్చు. 3 నుంచి 5 కిలోల రకం మీకు సరిగ్గా సరిపోతుంది. కొత్తది మీ బడ్జెట్‌లో రాదు. మూతపడిన వర్క్‌షాపు సామాన్లలో దొరికితే మాత్రం వదలకండి.

టేబుల్‌ల్యాంపు (హైదరాబాద్)

మామూలు స్ప్రింగ్‌తోనే బరువు నిలబెట్టిన తెలివైన ఏర్పాటు ఒకటుంది. చదువుకునే బల్ల మీద చెయ్యి వంచే దీపం, ఎక్కడ వదిలితే అక్కడ ఆగుతుందే, అది. కార్ల సస్పెన్షన్లు డిజైన్ చేసే జార్జ్ కార్వార్డైన్ అనే ఇంగ్లీషాయన 1932లో పేటెంట్ తీసుకున్నాడు. చెయ్యి వాలేకొద్దీ బరువు ప్రభావం ఎలా మారుతుందో, స్ప్రింగ్ లాగే కోణం కూడా అలాగే మారేలా అమర్చాడు. కాకపోతే చెయ్యి కీలు మీద తిరగాలి. పాతపుస్తకం గారి గాజు నిటారుగా జారేది, ఇక్కడ పనికిరాదు. సరదాగా చెప్పానంతే.

సెకండియర్‌మెక్

సరే, ఎదురు బరువే అనుకుందాం. అయినా ఒక డౌటు. 4.6 కిలోల గాజుకి ఇంకో 4 కిలోలు తగిలిస్తే కదలాల్సింది 8.6 కిలోలు. ఆగాలన్నా కదలాలన్నా బద్ధకంగా ఉండదా? పిల్లలు గబగబా చేస్తారు కదా.

అరబ్‌లిఫ్ట్ (దుబాయ్)

మంచి ప్రశ్న. నేను లిఫ్టుల మెయింటెనెన్స్‌లో ఉన్నాను, ఇది మాకు రోజూ ఉండేదే.

బద్ధకం నిజమే. తగ్గించాలంటే బరువుని రెట్టింపు చెయ్యండి. పొరపాటున రాయలేదు, నిజంగానే రెట్టింపు. తాడు ఒక కొసని పైన దూలానికి కట్టేసి, మధ్యలో కదిలే కప్పీకి బరువు వేలాడదీస్తే, గాజు 30 సెంటీమీటర్లు లేచినప్పుడు బరువు 15 సెంటీమీటర్లే దిగుతుంది. అప్పుడు 4 బదులు 8 కిలోలు కట్టాలి. కానీ దాని వేగం సగం. గతిజ శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కదా, బరువు రెండింతలైనా వేగం సగమయ్యేసరికి శక్తి సగానికి వస్తుంది. చేతికి అదనంగా తగిలేది 4 కిలోల జడత్వం కాదు, 2 కిలోలదే.

లోకోషెడ్

లెక్క సరైనదే. కానీ ఒక కప్పీ ఎక్కువైతే ఒక రాపిడి ఎక్కువ. ఈ స్టాండుకి కిందికి చోటు ఉంది, సూటిగా ఒకటికి ఒకటే కట్టమంటాను. బల్ల మీద పెట్టే పొట్టి స్టాండైతే రెట్టింపు పద్ధతి మంచిది. పైగా నిదానంగా కదిలితే మన కాగితానికే మేలు. గబగబా చేసే పిల్లల్ని గాజే ఆపుతుంది.

బరువుకి ఏం కావాలో కూడా చెప్తా. మొత్తం 4.6కి 4.6 కట్టకూడదు. అప్పుడు గాజు ఎక్కడ వదిలితే అక్కడే ఉండిపోతుంది, పేజీని నొక్కదు. ముప్పావు కిలో తక్కువ కట్టండి. ఇళ్లు కట్టే దగ్గర 25 ఎం.ఎం. ఇనప కడ్డీ ముక్క మీటరు అడగండి. మేస్త్రీల లెక్క తెలుసుగా, కడ్డీ మందాన్ని దాంతోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకి ఎన్ని కిలోలో వస్తుంది. 625ని 162తో భాగిస్తే 3.85. మీకు సరిగ్గా కావాల్సిందే. నాలుగు ముక్కలు కోయించి కట్టకట్టి, 75 ఎం.ఎం. పీవీసీ పైపులో వేలాడదీయండి. ఊగదు, పిల్లల కాళ్లకి తగలదు, నట్టుబోల్టు గారి కళ్లకీ కనపడదు.

నట్టుబోల్టు

హహ. పైపు అడుగున రబ్బరు ముక్క వెయ్యమనండి. లేకపోతే ప్రతిసారీ డబ్ మంటుంది, గ్రంథాలయం కదా.

పాతపుస్తకం

చాలా థాంక్సండీ. కడ్డీ ముక్కలు పక్క వీధిలోనే దొరికాయి. తాడుకి సైకిల్ బ్రేకు కేబులు వాడొచ్చా? గాజు జారడానికి వెనక టేబుల్ సొరుగులకి వేసే టెలిస్కోపిక్ ఛానెళ్లు రెండు నిటారుగా బిగించాం, పర్లేదా?

బేరింగ్‌బాబు

బ్రేకు కేబులు వద్దు. అందులో తీగలు తక్కువ, లావు. తొడుగులో ముందుకీ వెనక్కీ జారడానికి చేసింది, కప్పీ మీద వేల సార్లు వంగడానికి కాదు. ఒక్కో తీగా తెగుతూ వస్తుంది. స్టీలే కావాలంటే సన్నటి తీగలు ఎక్కువుండే మెత్తటి రకం, 2 ఎం.ఎం. అడగండి. కప్పీ అడ్డకొలత తాడు మందానికి కనీసం 20 రెట్లు, అంటే 40 ఎం.ఎం. ఉండాలి. నాలుగు కిలోలకి నన్నడిగితే అల్లిక పాలియెస్టర్ తాడు, 4 ఎం.ఎం. చాలు. చప్పుడుండదు, ముడి వేసుకోవచ్చు. నైలాన్ సాగుతుంది, వద్దు. కప్పీకి స్లైడింగ్ గేటుకి వేసే బేరింగు చక్రం, గాడి గుండ్రంగా ఉన్నది తీసుకోండి.

ఛానెళ్ల గురించి నాకు అనుమానంగా ఉంది. ఒక పని చెయ్యండి. బరువు ఇంకా కట్టకముందు, ప్రయాణాలకి వాడే లగేజీ కాటా తగిలించి గాజుని నెమ్మదిగా పైకి లాగుతూ అంకె చూడండి. తర్వాత నెమ్మదిగా దించుతూ చూడండి. రెండూ ఇక్కడ రాయండి.

పాతపుస్తకం

పైకి లాగితే 5.2 చూపిస్తోంది. దించేటప్పుడు 4.0. ఒకే గాజుకి రెండు బరువులేమిటండీ?

బేరింగ్‌బాబు

రెండింటి సగటు 4.6, అది బరువు. తేడాలో సగం 0.6, అది రాపిడి. పైకి లాగేటప్పుడు కలుస్తుంది, దించేటప్పుడు తీసేస్తుంది.

ఇప్పుడు చిక్కు చూడండి. లోకోషెడ్ గారు గాజు దిగడానికి ముప్పావు కిలో మిగల్చమన్నారు. అందులో 0.6 రాపిడే మింగేస్తే పేజీని నొక్కేది 150 గ్రాములు. సగంలో ఆగిపోతుంది. బరువు తగ్గించి కడితే దిగుతుంది కానీ, ఎత్తేటప్పుడు మళ్లీ భుజం నొప్పి. ఏ పద్ధతి పెట్టినా, బ్యాలెన్సర్ కొన్నా, ఈ రాపిడి పోదు. ముందు దీని సంగతి చూడాలి.

కాటా ఎక్కడ తగిలించారు?

పాతపుస్తకం

వెనక, ఛానెళ్ల దగ్గర ఫ్రేముకి.

బేరింగ్‌బాబు

అదీ కారణం. గాజు బరువంతా ముందుకి వేలాడుతోంది, మీరు వెనక నుంచి లాగుతున్నారు. ఫ్రేము ముందుకి వాలి ఛానెళ్లలో గోళీలు బిగుసుకుంటున్నాయి. గాజుని వేలి మీద నిలబెడితే ఎక్కడ తూగుతుందో, సరిగ్గా అక్కడ పైనుంచి లాగాలి. స్టాండు పైభాగంలో ముందుకి ఒక చెయ్యి వేసి, ఒక కప్పీ గాజు మధ్యన, ఇంకోటి వెనక పైపు మీద పెట్టండి. అప్పుడు ఛానెళ్లకి దారి చూపించే పని తప్ప మొయ్యాల్సింది ఉండదు.

రెండు ఛానెళ్లు పైనా కిందా ఒకే దూరంలో ఉన్నాయో లేదో కూడా కొలవండి. ఒక ఎం.ఎం. తేడా చాలు బిగుసుకోవడానికి.

అరబ్‌లిఫ్ట్

బిగించే ముందు నా నుంచి రెండు మాటలు, రెండూ భద్రత గురించే.

తాళ్లు రెండు వెయ్యండి. ఒకే తాడుని మడిచి కాదు, విడివిడిగా, ఒక్కోదానికి వేరే ముడి. ఒకటి తెగినా గాజు చేతి మీద పడదు. తాడు తెగినా లిఫ్టు పడకుండా ఆపే బ్రేకు చేసిన ఎలిషా ఓటిస్ 1854లో న్యూయార్క్‌లో జనం ముందు లిఫ్టు తాడు కోయించుకుని నిలబడ్డాడు, పడలేదు. ఆయన పెట్టిన బ్రేకు మీ స్టాండుకి అక్కర్లేదు, రెండో తాడు చాలు.

ఇంకోటి ఎవరికీ గుర్తుకు రాదు. గాజు పగిలితేనో, కడగడానికో విప్పుతారు. విప్పగానే ఖాళీ ఫ్రేము తేలికైపోతుంది, అటు వైపు దాదాపు 4 కిలోలు. ఫ్రేము ఒక్కసారిగా పైకి లేచి మొహానికి తగులుతుంది. స్టాండుకి రంధ్రం వేసి, గాజు విప్పే ముందు పిన్ను గుచ్చే అలవాటు పెట్టండి. ఆ మాట స్టాండు మీద రాసి అంటించండి.

కొత్తసభ్యుడు_రాజమండ్రి

ఇంత కష్టం ఎందుకండీ, చిన్న మోటారు, స్విచ్చు పెడితే పోలా? ఆన్‌లైన్‌లో లీనియర్ యాక్చువేటర్లు (మోటారుతో కడ్డీని సూటిగా ముందుకీ వెనక్కీ జరిపేవి) దొరుకుతున్నాయి.

లోకోషెడ్

పెట్టొచ్చు. ధర ఒకటి, నిదానం ఒకటి. చవక రకాలు సెకనుకి ఒకటి రెండు సెంటీమీటర్లు కదులుతాయి. 30 సెంటీమీటర్లు ఎక్కడానికి పదిహేను సెకన్లు అనుకున్నా, పుస్తకానికి 150 సార్లు ఎక్కి దిగాలి. గంటకి పైనే దాని మొహం చూస్తూ కూర్చోవాలి. అదీగాక మధ్యలో చెయ్యి ఉందని దానికి తెలియదు.

మోటారు కంటే కాలితో తొక్కే పెడల్ మేలు. బరువు తూగాక ఎత్తడానికి కిలో బలం చాలు, పిల్లాడు కూడా కాలితో తొక్కొచ్చు. రెండు చేతులూ పేజీకి ఖాళీగా ఉంటాయి. పెడల్ నుంచి తాడు పైపులోని బరువు అడుగుకి కడితే సరి. తొక్కితే బరువు దిగుతుంది, గాజు లేస్తుంది.

పాతపుస్తకం

పెడల్ ఆలోచన అద్భుతం! మా మాస్టార్లకి బాగా నచ్చింది.

కప్పీలు గాజు మధ్యకి మార్చాం. ఛానెళ్లు కింద 2 ఎం.ఎం. దగ్గరగా ఉన్నాయి, సరిచేశాం. ఇప్పుడు కాటా పైకి 4.85, కిందికి 4.35. రాపిడి 0.25 అన్నమాట. 3.85 కిలోలు కట్టాం, రెండు తాళ్లు, పైపు, అడుగున రబ్బరు, పిన్ను, అన్నీ. వదిలితే గాజు నెమ్మదిగా దిగి పేజీ మీద కూర్చుంటోంది. పైపు, కప్పీలు, తాడు, కడ్డీ కోత కూలితో కలిపి 1100 రూపాయల లోపే అయింది.

కెమెరాల సంగతి ఎవరూ చెప్పలేదు.

బేరింగ్‌బాబు

కెమెరాకి ఏమీ వద్దు. కిలో, కిలోంబావు బరువు, పుస్తకం మారినప్పుడు ఒకసారి కదుపుతారు. చదరపు పైపు మీద జారే క్లాంపు, చేత్తో బిగించే నాబు చాలు. దాని కింద ఇంకో క్లాంపు విడిగా బిగించి ఉంచండి. పైది వదులైనా కెమెరా అక్కడే ఆగుతుంది. సన్నగా సరిచేసుకోవాలంటే మరలున్న 8 ఎం.ఎం. రాడ్డు నిటారుగా పెట్టి నట్టు తిప్పండి. ఒక చుట్టుకి 1.25 ఎం.ఎం. కదులుతుంది, దానంతటది కిందికి జారదు.

సెకండియర్‌మెక్

ఇదే పద్ధతి మా హాస్టల్‌లో నిలబడి చదువుకునే బల్లకి వాడొచ్చా? పలక 12 కిలోలు. పైన ఒక్కోసారి ల్యాప్‌టాప్, ఒక్కోసారి పుస్తకాల దొంతర.

అరబ్‌లిఫ్ట్

లోకోషెడ్ గారి మొదటి ప్రశ్నకే నీ జవాబు వేరు, తమ్ముడూ. నీ బరువు మారుతుంది. లిఫ్టులో కూడా అంతే, ఒకసారి ఒక్కరు, ఒకసారి ఎనిమిది మంది. అందుకే పెట్టె బరువుకి తోడు, అది మొయ్యగల బరువులో 40 నుంచి 50 శాతం కలిపి ఎదురు బరువు కడతాం. మిగతా తేడాని మోటారు, బ్రేకు చూసుకుంటాయి. నువ్వు పలకకీ, సగం పుస్తకాలకీ సరిపడా కట్టి, ఏ ఎత్తులోనైనా బిగిసే తాళం పెట్టాలి. పుస్తకాలన్నీ తీసేశాక తాళం విప్పితే బల్ల పైకి లేస్తుంది, అది చూసుకో. పలక కొలతలు, కాళ్లు ఎలా ఉన్నాయో ఫొటో పెట్టి వేరే చర్చ తెరువు, ఇక్కడ కలిపితే మాస్టారు గారి విషయం పక్కకి పోతుంది.